ఎవరి ఆజ్ఞా లేకుండా నడిచే చీమల గూడు

జూలై వచ్చి గోదారికి ఎర్రనీరు తగిలిందంటే లంకల్లో మనుషులకన్నా ముందు సర్దుకునేవి చీమలే, తెల్లటి గింజల్లాంటివి నోట కరుచుకుని బారులు బారులుగా పాక రాటలెక్కుతాయి, కొబ్బరి మొదళ్ళెక్కుతాయి, గోడ పగుళ్ళలోకి దూరతాయి. అది చూసి పెద్దోళ్ళు "చీమలు గుడ్లు మోస్తన్నాయి, బస్తాలు అటకెక్కించండి" అనడం ఇక్కడ పుట్టినవాళ్ళందరూ విన్నదే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకి, 2022 జూలైలో 71.3 అడుగులకి వచ్చినప్పుడు కోనసీమ లంకలు ఏమయ్యాయో తెలిసినవాళ్ళకి వరదంటే ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. అలాంటి నేల మీద గోరంత లేని పురుగు కాపురం ఎలా నిలబెట్టుకుంటోంది, అసలు "ఇక లేవండి, పైకి పోదాం" అని ఆ వేల చీమలకి చెప్పేదెవరు? చాలామంది రాణి చీమ అనుకుంటారు. కాదు. ఎవరూ చెప్పరు. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటాం గానీ గూటి లోపల మాత్రం ఆజ్ఞలిచ్చేవాళ్ళంటూ లేరు, చీమల శాస్త్రంలో జనాలు ఎక్కువ తికమకపడేదీ, నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపించేదీ ఇదే.

ముందు ఆ తెల్ల గింజల సంగతి. అవి చాలావరకు గుడ్లు కాదు. చీమ గుడ్డు చాలా చిన్నది, మామూలు కంటికి సరిగా ఆనదు, మనకి కనపడేవి గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగులు, ఆ తర్వాత దశ ప్యూపాలు. సీతాకోకచిలుక లాగే చీమకీ నాలుగు దశలు, పిల్ల పురుగుకి కాళ్ళుండవు, తనంతట తను కదల్లేదు కాబట్టి పెద్ద చీమలు మోసుకెళ్ళాల్సిందే. గూడు మారడమంటే వాటికి పిల్లల్ని తరలించడం, మిగతాదంతా ఆ తర్వాతే.

ఈ తరలింపు మీద మన దేశంలోనే మంచి పరిశోధన జరిగింది. కేంద్ర ప్రభుత్వ సైన్స్ పరిశోధన సంస్థ అయిన ఐసర్ కోల్‌కతాలో సుమన అన్నగిరి గారి బృందం డయకామా ఇండికమ్ అనే నల్ల చీమ మీద ఏళ్ళ తరబడి పనిచేస్తోంది. ఈ చీమ గూడు వాన నీటిని ఆపగలిగేలా ఉండదు, అందుకే వానాకాలంలో తరచూ ఇల్లు మారుస్తుంది, ల్యాబ్‌లో గూట్లోకి నీళ్ళు పెట్టి చూస్తే కూడా ఎత్తుగా ఉన్న చోటుకే పిల్లాజెల్లాతో చేరింది. ఎలా అంటే, కొత్త చోటు తెలిసిన చీమ ఒకటి తిరిగొచ్చి ఇంకో చీమని వెంటబెట్టుకుని వెళ్తుంది, వెనకది మీసాలతో ముందుదాన్ని తాకుతూ నడుస్తుంది, తాకిడి ఆగితే ముందుది ఆగి చూస్తుంది. అలా దారి తెలిసినవాటి సంఖ్య ఒక్కోటి ఒక్కోటిగా పెరుగుతుంది. ఇంకో విచిత్రం ఏంటంటే ఈ జాతిలో రాణే లేదు! పుట్టే ఆడ చీమలన్నిటికీ రెక్కలుండాల్సిన చోట రెండు చిన్న బుడిపెలుంటాయి, గుడ్లు పెట్టే హోదా ఉన్న ఒకే ఒక్క చీమ మిగతావాటి బుడిపెలు కొరికేయబడేలా చూసుకుంటుంది, బుడిపెలు పోయిన చీమ ఇక జన్మంతా పనిచీమే. రాణి లేకపోయినా గూడు నడుస్తోంది, వరదొస్తే కదులుతోంది.

అమెరికాలో స్థిరపడిన ఎర్ర నిప్పు చీమది ఇంకో పద్ధతి, అది ఎత్తు వెతుక్కోదు, నీటి మీద తేలుతుంది. కాళ్ళూ దవడలూ ఒకదానికొకటి తగిలించుకుని వేల చీమలు కలిసి తెప్పగా మారతాయి, ఒంటి మీద నూగులో చిక్కుకున్న గాలి వల్ల అడుగున ఉన్నవి కూడా మునగవు. 2011లో అక్కడి జార్జియా టెక్ యూనివర్సిటీ వాళ్ళు దీన్ని కొలిచి చూస్తే తెప్ప కట్టడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు, అవసరమైతే వారాల తరబడి అలా ఉండగలవు. దీనికి దగ్గర చుట్టం సోలెనోప్సిస్ జెమినాటా, అదీ అమెరికా ఖండం నుంచే ఓడల్లో సరుకుతో పాటు ప్రపంచమంతా చేరి మన దేశంలో ఎప్పుడో పాతుకుపోయింది, దాని గురించి కింద చెప్తాను.

ఇంకో ముడి విప్పాలి ముందు. నాగులచవితికి మనం పాలు పోసే పుట్ట చీమలది కాదు, చెదలది. చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరతాయని సామెత చెప్పుకుంటాం గానీ ఆ పెద్ద మట్టి పుట్ట కట్టింది చెదపురుగులు, వాటికి దగ్గర బంధువు బొద్దింక, చీమకి దగ్గర బంధువులు కందిరీగ, తేనెటీగ. రెండూ గుంపులుగా బతుకుతాయి కాబట్టి ఒకేలా కనిపిస్తాయి అంతే, లోపల లెక్క పూర్తిగా వేరు. చెదల గూట్లో రాణితో పాటు రాజు కూడా ఏళ్ళ తరబడి ఉంటాడు, పనివాళ్ళలో ఆడా మగా ఇద్దరూ ఉంటారు. చీమల గూట్లో పనిచేసేవన్నీ ఆడవే. మగ చీమ పని ఒక్క జతకట్టడమే, అది అయ్యాక చచ్చిపోతుంది. తొలకరి వానలు పడ్డ సాయంత్రం లైటు చుట్టూ మూగే ఉసిళ్ళు కూడా రెక్కలొచ్చిన చెదలే, చీమలకీ అలాగే రెక్కలొచ్చి ఎగిరే రోజులుంటాయి గానీ నడుము సన్నంగా నొక్కినట్టుండి మీసం మోచెయ్యిలా వంగి ఉంటే అది చీమ, నడుము లేకుండా తిన్నగా ఉండి నాలుగు రెక్కలూ ఒకే సైజులో ఉంటే చెద.

అలా ఎగిరిన ఆడ చీమే రేపటి రాణి. గాల్లోనో నేల మీదో జతకడుతుంది, ఆ ఒక్క విడతలో వచ్చిన వీర్యాన్ని కడుపులో ఒక సంచిలో దాచుకుని బతికున్నన్నాళ్ళూ వాడుకుంటుంది, మళ్ళీ మగ చీమ మొహం చూడదు. కిందకి దిగాక తన రెక్కలు తానే విరిచేసుకుని నేలలో దూరి మూసుకుంటుంది. చాలా జాతుల్లో ఇక బయటికి రాదు, ఇంక అక్కర్లేని రెక్కల కండరాలని కరిగించుకుని ఆ బలంతోనే మొదటి కాన్పు పిల్లల్ని పెంచుతుంది. వేలల్లో ఎగిరితే ఏ కొన్నో నిలుస్తాయి, పిట్టలూ బల్లులూ కప్పలూ తినగా మిగిలినవి. నిలిచినవి మాత్రం చాలా కాలం బతుకుతాయి, ల్యాబ్‌లో పెంచిన ఒక నల్ల తోట చీమ రాణి 28 ఏళ్ళు దాటి బతికింది, పురుగుల ప్రపంచంలో అది మామూలు ఆయుష్షు కాదు.

వీర్యం కలిపి పెట్టిన గుడ్డు ఆడపిల్ల, కలపకుండా పెట్టిన గుడ్డు మగపిల్లాడు, ఇదే చీమల వంశం లెక్క. అంటే మగ చీమకి తండ్రి ఉండడు, తాత ఉంటాడు! తండ్రి దగ్గర ఉన్నది ఒక్క సెట్టు జన్యువులే కాబట్టి కూతుళ్ళందరికీ అవే వస్తాయి, రాణి ఒక్క మగాడితోనే జతకట్టి ఉంటే ఆ అక్కచెల్లెళ్ళ మధ్య పోలిక సగటున నాలుగింట మూడొంతులు, మనలో అయితే సగమే. 1964లో డబ్ల్యూ.డి. హామిల్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ బంధుత్వం లెక్కతోనే, తను పిల్లల్ని కనకుండా చెల్లెళ్ళని పెంచడం చీమకి ఎందుకు నష్టం కాదో వివరించాడు. చాలా జాతుల్లో రాణులు ఎక్కువమందితో జతకడతారు కాబట్టి ఈ లెక్క ఒక్కదానితోనే అంతా తేలిపోదు, చెదల్లో అయితే ఈ పద్ధతే లేదు, అయినా అవీ గుంపుగానే బతుకుతున్నాయి. కానీ ఒక గూడంతా దాదాపు ఒకే కుటుంబం, పిల్లల్ని కనేది ఒకటో రెండో, మిగతావన్నీ ఆ కుటుంబం కోసం పనిచేసేవి అని గుర్తుపెట్టుకుంటే తర్వాత విషయం తేలిక. రాణి పెత్తనం చేసేది కాదు, గుడ్లు పెట్టే అవయవం లాంటిది, నా దృష్టిలో చూడాల్సిన ప్రాణి గూడే, ఒక్కో చీమ దాంట్లో ఒక ముక్క.

మరి పని ఎవరు పంచుతారు? ఆత్రేయపురం నుంచి తెచ్చిన పూతరేకుల డబ్బా మూత సరిగా పెట్టకపోతే గంటలో బారు కట్టేస్తాయి కదా, అక్కడ జరిగేది ఇది. ఎక్కడో తిరుగుతున్న ఒక చీమకి బెల్లం తగిలింది, అది తిరిగి వెళ్తూ కడుపు చివర నేలకి ఆనించి వాసన గీత వదుల్తుంది. ఆ గీత పట్టుకుని వచ్చిన చీమకి కూడా తిండి దొరికితే అదీ గీత వదుల్తుంది, దొరక్కపోతే వదలదు. వాసన నిమిషాల్లో ఆవిరైపోతుంది కాబట్టి ఎవరూ నడవని దారి దానంతటదే పోతుంది, ఎక్కువమంది నడిచేది గట్టిపడుతుంది, చేల గట్టు మీద కాలిబాట పడినట్టే. 1980ల చివర్లో బ్రసెల్స్‌లో అర్జెంటీనా చీమలకి గూటి నుంచి తిండి దాకా ఒకటి పొట్టి ఒకటి పొడుగు రెండు వంతెనలు పెట్టి చూశారు, కొద్దిసేపటికే గుంపంతా పొట్టి వంతెన మీదకి చేరింది. ఏ చీమా కొలవలేదు, పొట్టి దారిన వెళ్ళినవి ముందు తిరిగొచ్చాయి కాబట్టి ఆ గీత ముందు చిక్కబడింది, అంతే. ఈ ప్రయోగాలు చూసే మార్కో డోరిగో అనే ఇటలీ పరిశోధకుడు 1992లో తన పీహెచ్‌డీలో చీమల పద్ధతి లెక్క ఒకటి కంప్యూటర్ కోసం తయారుచేశాడు, ఎన్నో ఊళ్ళకి సరుకు ఏ వరసలో చేరిస్తే దూరం తగ్గుతుంది లాంటి లెక్కలకి ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు.

వాసన గీత ఒక్కటే కాదు. అరిజోనా ఎడారిలో గింజలేరుకునే చీమల్ని దశాబ్దాలుగా చూస్తున్న డెబొరా గోర్డన్ తేల్చింది ఏంటంటే, గూటి గుమ్మం దగ్గర ఆగి ఉన్న చీమ బయటికి వెళ్ళాలా వద్దా అన్నది గింజతో తిరిగొచ్చేవి ఎంత త్వరత్వరగా తగులుతున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. బోలెడు గింజలుంటే చీమలు గబగబా తిరిగొస్తాయి, మీసాలు ఎక్కువసార్లు తగులుతాయి, ఇంకా కొన్ని బయల్దేరతాయి, ఎండ ఎక్కువై గింజలు దొరక్కపోతే రాకలు తగ్గి పోకలూ తగ్గుతాయి. స్టాన్‌ఫర్డ్‌లో ఇంటర్నెట్ మీద పనిచేసే బాలాజీ ప్రభాకర్‌తో కలిసి చూస్తే, నెట్‌లో డేటా రద్దీని బట్టి పంపే వేగం పెంచుకుని తగ్గించుకునే పద్ధతీ ఇదీ ఒకటేనని 2012లో తేలింది. 2013లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఒక్కో చీమ వీపు మీద బార్‌కోడ్ లాంటి బుల్లి చీటీ అంటించి కెమెరాలతో 41 రోజులు వెంటాడితే ఇంకోటి బయటపడింది, చిన్న వయసువి పిల్లల దగ్గర, నడి వయసువి గూడు శుభ్రం దగ్గర, పెద్ద వయసువి తిండి కోసం బయట. ప్రమాదం ఎక్కువున్న పని బతుకు చివర్లో ఉన్నవాటికి వస్తుంది, ఎవరూ పంపకుండానే.

ఏ పనీ చేయకుండా కూర్చునే చీమలు కూడా ఉన్నాయండి. అరిజోనా యూనివర్సిటీలో ఒక చిన్న జాతి మీద చూస్తే దాదాపు 40 శాతం ఎక్కువసేపు ఊరికే ఉంటున్నాయి, బాగా పనిచేసేవాటిని తీసేస్తే వారంలోపు ఈ ఖాళీవి లేచి ఆ పనిలో దిగాయి, ఖాళీవాటినే తీసేస్తే మాత్రం వాటి చోటు ఎవరూ భర్తీ చేయలేదు. అంటే అవి గూటికి అట్టేపెట్టుకున్న బలగం. వరద ప్రాంతంలో ఉండేవాళ్ళకి ఆ బలగం విలువ వేరే చెప్పాలా.

మన దక్షిణాది చీమల మీద మొదటి పెద్ద జాబితా రాసింది టి.సి. జెర్డన్, మద్రాసు ప్రెసిడెన్సీలో డాక్టరు, నెల్లూరులో సివిల్ సర్జన్‌గా కూడా పనిచేశాడు. ఆ జాబితా వచ్చింది 1851లో, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యే ముందు ఏడాది. అందులో ఆయన పేరుపెట్టిన ఎగిరి దూకే చీమ, హార్పెగ్నాథస్ సాల్టేటర్, ఇప్పుడు ప్రపంచంలో పెద్ద పెద్ద ల్యాబుల్లో ఉంది, 2010లో మొట్టమొదట జన్యుపటం మొత్తం చదివిన రెండు చీమల్లో ఇదొకటి. కారణం ఏంటంటే ఈ జాతిలో రాణి పోతే పనిచీమలే మీసాలతో రోజుల తరబడి పోట్లాడుకుని, గెలిచినవి గుడ్లు పెట్టడం మొదలెడతాయి. అలా మారిన చీమ మెదడు దాదాపు ఐదో వంతు చిన్నదవుతుంది, ఏడు నెలలు బతకాల్సినది నాలుగేళ్ళ దాకా బతుకుతుంది, దాన్ని మళ్ళీ పనిచీమగా మారిస్తే మెదడు తిరిగి పెరుగుతుంది! జన్యువులు మారలేదు, ప్రాణి అదే, గూట్లో దాని స్థానం మారింది అంతే. ముసలితనం మీద పరిశోధన చేసేవాళ్ళు అందుకే దీని వెంట పడ్డారు.

ఇక డెల్టాకి వద్దాం. ప్రపంచంలో ఇప్పటికి పేరు పెట్టిన చీమలు 14 వేల జాతులకి పైనే, 2016లో వేసిన జాబితా ప్రకారం ఇండియాలో ఉపజాతులతో కలిపి 828. భూమ్మీద మొత్తం చీమలు ఎన్నుంటాయో 2022లో అంచనా కడితే 20 వేల లక్షల కోట్లు వచ్చింది, మనిషి ఒక్కరికి సుమారు 25 లక్షలు. వీటిలో రైతుకి రోజూ తగిలేవి కొన్నే. సార్వా నాట్లప్పుడు గట్టు మీద కూర్చోగానే కాళ్ళకి పట్టుకుని మండించే చిన్న ఎర్ర చీమ చాలాసార్లు ఆ సోలెనోప్సిస్ జెమినాటాయే, గుంపులో కొన్నిటికి తలకాయ మాత్రం పెద్దగా మధ్యలో చీలినట్టు ఉంటుంది, గింజలు కొరకడానికి. కుట్టినచోట మంటపెట్టి పొక్కు వస్తుంది. వెదజల్లిన విత్తనం ఎత్తుకెళ్తుందన్నదీ నిజమే, అదే చీమ ఫిలిప్పీన్స్ వరి గట్ల మీద సుడిదోమనీ కాండం తొలుచు పురుగునీ తింటున్నట్టు కూడా గమనించారు. కాబట్టి గట్టు మీద చీమ కనిపించగానే మందు చల్లేయడం లాభమో నష్టమో అంత తేలిగ్గా తేలదు.

మామిడి చెట్టు మీద ఆకులు కలిపి గూడు కట్టే ఎర్ర చీమ, ఈకోఫిల్లా, ఇంకా గొప్పది. కొన్ని చీమలు గొలుసులా పట్టుకుని రెండు ఆకుల అంచులు దగ్గరికి లాగి ఉంచితే ఇంకొన్ని తమ పిల్ల పురుగుల్ని నోట పట్టుకుని తెచ్చి, వాటి నోటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆకుల్ని అతికిస్తాయి. ఆ పిల్లలు తమ గూటి కోసం దాచుకోవాల్సిన దారమంతా ఇక్కడే ఇచ్చేస్తాయి. చైనాలో నారింజ తోటల్లో పురుగుల మీదకి ఈ చీమ గూళ్ళు కొని వదలడం క్రీ.శ. 304 నాటి రాతలోనే ఉంది, పురుగుని పురుగుతోనే అదుపు చేసిన చరిత్రలో ఇంత పాతది ఇంకోటి నాకు తెలిసి లేదు. ఒడిశా మయూర్‌భంజ్‌లో దీంతో చేసే పచ్చడికి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకన్న ముద్ర, కూడా వచ్చింది. కొబ్బరి దింపు తీసేవాళ్ళకి మాత్రం చెట్టు మీద ఇది ఉంటే నరకమే, ఆ బాధ కాదనలేం.

తోటలకి అసలు తలనొప్పి చీమ కాదు, చీమ చేసుకునే ఒప్పందం. పిండినల్లి, పేనుబంక మొక్క రసం పీల్చి తియ్యటి జిగట వదుల్తాయి, చీమ ఆ తీపి తాగుతూ బదులుగా వాటి మీదకొచ్చే అక్షింతల పురుగుల్నీ, వాటిలో గుడ్లు పెట్టి చంపే బదనికలనే బుల్లి కందిరీగల్నీ తరిమేస్తుంది. కొబ్బరిలో అంతరపంటగా కోకో వేసినచోట పిండినల్లి ఎక్కువైందంటే దాని చుట్టూ కాపలా ఎవరున్నారో చూడాలి. ఇది ఎంత దూరం పోతుందో హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ ద్వీపం చూపించింది, పసుపు రంగు పొడుగు కాళ్ళ చీమ, అనోప్లోలెపిస్ గ్రాసిలిపెస్, అక్కడ 1989 నుంచి మహా గూళ్ళుగా పెరిగి కోట్ల ఎర్ర పీతల్ని చంపేసింది. దాని బలం చెట్ల మీద పొలుసు పురుగులిచ్చే తీపి, అందుకే 2016 చివర్లో ఆ పొలుసు పురుగుని చంపే చిన్న కందిరీగని మలేషియా నుంచి తెచ్చి వదిలారు, అంటే చీమని కొట్టకుండా దాని తిండి కొట్టారు. అదే చీమ 2022లో తమిళనాడు దిండిగల్ దగ్గర కరందమలై ఊళ్ళలో పశువుల్ని, మనుషుల్ని నిలవనీయకుండా చేసింది. ఇది కుట్టదు, ఆసిడ్ చిమ్ముతుంది.

ఇంట్లో చీమలకి మనం చేసేది కూడా ఈ లెక్కలోనే చూడాలి. బారు మీద మందు కొడితే చాక్‌పీసు గీస్తే చచ్చేవి బయట తిరిగే వయసు మళ్ళినవి, వాటి చోటుకి లోపల్నుంచి ఇంకొన్ని వస్తాయి, రాణికి వెంట్రుక కూడా కదలదు. ఫారో చీమ లాంటి బుల్లి పసుపు చీమలకి అయితే మందు కొడితే ఇంకా ప్రమాదం, ఒక గూడు నాలుగుగా విడిపోతుంది. ఎదిగిన చీమ గట్టి తిండి మింగలేదు, ద్రవమే తాగుతుంది, తాగింది కడుపులో వేరే సంచిలో ఉంచుకుని గూట్లో మిగతావాటికి నోటి ద్వారా పంచుతుంది. కాబట్టి వెంటనే చంపని మందే గూటి లోపలికి చేరేది, చక్కెర నీళ్ళలో ఒక శాతానికి అటూ ఇటూగా బోరిక్ ఆసిడ్ కలిపి దూదిలో పెడితే రోజుల మీద రాణి దాకా వెళ్తుంది, ఎక్కువ కలిపితే పనిచీమ దారిలోనే చచ్చి పని చెడుతుంది. పిల్లలకీ కుక్కలకీ అందని చోట పెట్టుకోవాలి, అది తప్పనిసరి. ఆ రోజుల్లో బారు మీద ఇంకే స్ప్రే కొట్టకూడదు.

తోటలో అయితే చెట్టు నుంచి చెట్టుకి ఆనుకున్న కొమ్మలు కొట్టి, మొదలు చుట్టూ జిగురు పట్టీ కడితే నేల మీద గూడున్న చీమలు పైకెక్కలేవు, పిండినల్లికి కాపలా పోయి అక్షింతల పురుగులు తమ పని తాము చేసుకుంటాయి. అయితే ఏ పని చేసే ముందైనా ఏ చీమో తేల్చుకోవాలి, దానికి ఫోన్‌కి తగిలించే చిన్న మాక్రో లెన్సు చాలు. చీమని పక్క నుంచి ఫొటో తీసి ఛాతీకీ పొట్టకీ మధ్య నడుములో ఎన్ని ముడులున్నాయో చూడండి. ఒకటే ముడి ఉండి గండు చీమలా కొరికి ఆసిడ్ చిమ్మే రకమైతే ఒక ఉపకుటుంబం, రెండు ముడులుండి కొండి పెట్టి కుట్టేదైతే నిప్పు చీమల వైపు ఉపకుటుంబం కావచ్చు. పక్కనే స్కేలు పెట్టి తీసిన ఫొటో, గూడు నేలలోనా ఎండు కొమ్మలోనా ఆకుల్లోనా అన్న వివరం, చుట్టూ పిండినల్లి ఉందా లేదా, ఈ మూడూ ఉంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం లాంటి చోట అడగడానికి సరిపడా సమాచారం మీ చేతిలో ఉన్నట్టే.